తాళం నేనే ఇచ్చాను

మూడు వారాల క్రితం, ఆష్‌బర్న్‌లో మా ఇంట్లో కూర్చుని, అనకూడని మాట ఒకటి అన్నాను. మా అమ్మాయి ఒక జర్మన్ సినిమా పెట్టింది. తనపై అత్యాచారం చేసిన పై అధికారికి శిక్ష పడాలని ఒంటరిగా పోరాడే స్త్రీ కథ. సగం చూసి, "ఇన్నేళ్లు ఊరుకుని ఇప్పుడు కేసేమిటి?" అన్నాను.

మా అమ్మాయి తెర మీంచి చూపు తిప్పకుండానే, "షీ టోల్డ్ దెమ్, నాన్నా. అందరికీ తెలుసు. ఎవరూ బయటికి చెప్పలేదు, అంతే," అంది.

ఆ తర్వాత సినిమాలో ఏం జరిగిందో నాకు తెలియదు.

నా వయసువాళ్లకు, కొత్తగా అమెరికా వచ్చిన ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. జెర్సీ సిటీలో కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్, ప్రాజెక్టు దొరికేదాకా గదికి నలుగురం, వంతులవారీ వంట, సింకు నిండా గిన్నెలు. మా వీసాలన్నీ కన్సల్టెన్సీ యజమాని చేతిలో ఉండేవి కనుక ఆయన వస్తే చేతిలో కంచం పక్కన పెట్టి లేచేవాళ్లం. అందరికంటే ముందు వచ్చినవాణ్నని పై అంతస్తులో ఆడపిల్లలుండే అపార్ట్‌మెంట్ రెండో తాళంచెవి నా దగ్గరే ఉంచారు. ఒక శనివారం మధ్యాహ్నం, తక్కినవాళ్లు గుడికి వెళ్లి కొత్తగా వచ్చిన అమ్మాయి ఒక్కతే ఉన్నప్పుడు, ఆయన ఆ తాళం అడిగితే ఎందుకని అడక్కుండా ఇచ్చాను. గంట తర్వాత తిరిగిచ్చేటప్పుడు ఆయన చెంప మీద గోటి గీరు కనబడింది. అప్పుడూ అడగలేదు.

సాయంత్రం ఆ అమ్మాయి కిందికొచ్చి, జరిగింది చెప్పి, వంటింట్లో నా ఎదురుగా నిలబడింది.

"తాళం మీరిచ్చారని పోలీసులకి చెప్పండన్నా. అదొక్కటి చాలు నాకు."

"నీ వీసా సంగతి ఆలోచించుకోమ్మా," అన్నాను. నిజానికి ఆలోచించింది నా గ్రీన్‌కార్డు గురించి. ఆ అమ్మాయి ఫిర్యాదు మీద పోలీసులు వచ్చి అడిగినప్పుడు, తాళం ఇవ్వలేదని, ఏమీ చూడలేదని చెప్పాను. తలుపు తనే తీసిందని ఆయన అన్న మాటే నిలబడింది, కేసు నిలబడలేదు. నెల తిరక్కుండా ఆ అమ్మాయి కన్సల్టెన్సీ వదిలేసి వేరే ఊరు వెళ్లిపోయింది. నా కార్డు వచ్చినప్పుడు గెస్ట్‌హౌస్‌లో అందరికీ బిర్యానీ తెప్పించాను.

ఈ కాలం ఆడపిల్లలకు ధైర్యం ఎక్కువని మనవాళ్లు అంటుంటారు. ఆనాడు ఆ అమ్మాయికి మాత్రం ఏం తక్కువైంది? మాలాంటివాళ్లు నోరు మూసుకోవడాన్ని అప్పట్లో బుద్ధిమంతుల లక్షణం అనేవారు, ఇప్పుడు మా అమ్మాయి దాన్ని తెలిసీ చెప్పకపోవడమని దాని పేరుతోనే పిలుస్తోంది.

సినిమా చూసిన మర్నాడు భార్యకూ కూతురికీ అంతా చెప్పాను. పాత స్నేహితుల ద్వారా ఆనాటి గెస్ట్‌హౌస్ అమ్మాయి మెయిల్ అడ్రసు సంపాదించి, క్షమించమనకుండా, జరిగింది జరిగినట్టు రాశాను. ఆమె ఒప్పుకుంటే పోలీసులకూ చెబుతానన్నాను. వారం తర్వాత ఒక్క మాట జవాబొచ్చింది: "చెప్పండి."

అప్పట్లో అబద్ధం చెప్పినందుకు నాకే ఇబ్బంది రావచ్చని లాయరు హెచ్చరించాడు. నిన్న జెర్సీ సిటీ వెళ్లి, పోలీసుల ముందు, తాళం నేనే ఇచ్చానని వాంగ్మూలం రాసి సంతకం పెట్టాను.