దైవాధీనం అయ్యగారు కూర అడిగితే

దైవాధీనం అయ్యగారికి ఎవరు ఎదురుపడినా అడగడానికి ఒకే ఒక్క ప్రశ్న ఉండేది: "ఇవాళ ఏం కూరండీ?"

దోహాలోని మా తెలుగు సంఘానికి ఆయన పెద్ద పాస్టరు. నరసాపురం మనిషి. నేను బైబిలు కాలేజీ నుంచి కొత్తగా దిగిన సహాయ పాస్టరును. సంఘకాపరి బాధ్యతల మీద పొడుగాటి వ్యాసం రాసి మెప్పు పొందినవాణ్ణి. అందులో కూరల ప్రస్తావన ఎక్కడా లేదు.

అక్కడ సెలవు రోజు శుక్రవారం. ఆ రోజు అబూ హమూర్‌లోని చర్చిలో ఆరాధన ముగియగానే ఇద్దరం గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళం. వచ్చినవాళ్ళ ఆత్మీయ స్థితి విచారిద్దామని నా ఆరాటం. ఆయన సాగనిస్తేగా. ఇంజినీరుకైనా, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకైనా అదే ప్రశ్న. గేటు దగ్గరి నేపాలీ గార్డునూ వదల్లేదు. పాపం అతను మమ్మల్ని దూరం నుంచి చూడగానే "ఆలూ, సాబ్" అని చెప్పేసేవాడు.

ఒకసారి ఊళ్ళోనే ఉన్న అల్ మన్సూరా నుంచి భావన, ఆమె భర్త తగువు తీర్చమని వచ్చారు. నేను బైబిల్లో భార్యాభర్తల గురించి చెప్పే ఎఫెసీ పత్రిక తెరిచి సిద్ధంగా కూర్చున్నాను. అయ్యగారు మామూలు ప్రశ్నే వేశారు. భర్త బెండకాయ వేపుడన్నాడు. అదే క్షణంలో భావన సాంబారంది.

"ఒకే ఇంట్లో రెండు వంటలెందుకమ్మా?" అన్నారాయన.

ఇద్దరూ తలలు దించుకున్నారు. ఎవరి గిన్నె వాళ్ళదైన సంగతి అప్పుడు బయటపడింది. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. నేను బైబిలు మూసేశాను. అయినా అదంతా అదృష్టమనీ, ఆయనకు తిండి యావ ఎక్కువనీ నా నమ్మకం.

ఇండస్ట్రియల్ ఏరియాలో కార్మికుల క్యాంపులో ఉండే డ్రైవరు అమర్నాథ్‌ది రాయచోటి వైపు. అతని గదిలో వంటంతా అతనిదే. కూర అడిగితే తాలింపు దగ్గర మొదలుపెట్టి వర్ణించేవాడు. వెనక జనం ఆగిపోయేవారు. ఒక శుక్రవారం మాత్రం నవ్వుతూనే "ఏందో ఒగటిలే అయ్యగారూ" అని వెళ్ళిపోయాడు.

జనం త్వరగా కదిలారని నేను సంతోషించాను. అయ్యగారు కారు తియ్యమన్నారు.

మేం క్యాంపులో అతని గదికి వెళ్ళేసరికి అమర్నాథ్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పొయ్యి చల్లగా ఉంది. అయ్యగారు చొక్కా చేతులు మడిచి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టారు. ఆయనకు ప్రసంగం వచ్చు, పాట వచ్చు, కత్తి పట్టడం రాదు.

కాసేపు ఓర్చుకుని అమర్నాథ్ లేచాడు. "ఎర్రగడ్డ అట్ల కొయ్యరు, ఇట్లియ్యండి" అని కత్తి లాక్కున్నాడు. కోస్తూ కోస్తూ చెప్పాడు. ఊళ్ళో తమ్ముడు బైకు ప్రమాదంలో పోయాడట. గదిలో అందరినీ నవ్వించేది తనే కావడంతో ఆ మాట ఎలా చెప్పాలో తెలియలేదట. అయ్యగారు అతని వీపు నిమురుతూ విన్నారు. తర్వాత అతని సూపర్‌వైజరు రఫీయుద్దీన్‌కు ఫోన్ చేసి సెలవు ఖాయం చేశారు.

బియ్యం కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు నాతో మెల్లగా అన్నారు: "బాగున్నావా అంటే అందరూ దేవుని కృపలో బాగున్నామంటారు. నేనూ అంతే అంటాను. కూర దగ్గరికొచ్చేసరికి నిజం చెప్పేస్తారు. ముందు అది విను. ప్రసంగం తర్వాత చేద్దువుగాని."

గదిలోవాళ్ళంతా చేరారు. కింద పరిచిన కాగితాల చుట్టూ కూర్చుని తింటున్నాం. అయ్యగారు ఉన్నట్టుండి నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. నా నోటినిండా ముద్ద ఉంది. కాలేజీలో నేర్చిన ప్రార్థన ఒక్కటీ గుర్తుకు రాలేదు. మింగి, "ప్రభువా, అమర్నాథ్‌కు తోడుండు" అన్నాను.

అందరూ ఆమెన్ అన్నారు. అమర్నాథ్ కళ్ళు తుడుచుకుని, నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేశాడు.