తప్పనిసరి అనే మాట కోసం రాజాం దాకా

ఉదయం తొమ్మిదింబావుకి కళింగపట్నంలో శ్రీకాకుళం బస్సెక్కాము, నేనూ నా మనవరాలు పావనీ. ఆడవాళ్లకు టిక్కెట్టు ఊరికే ఇస్తారు గానీ ఆధార్ కార్డు చూపించాలి, మరిచిపోకండి. హోటలు దండగ ఎందుకని అన్నం, ఎండు నెత్తళ్ల చేపల కూర గిన్నెకెత్తాను. కండక్టరు వాసన పట్టేశాడు.

"మామ్మా, ఆ గిన్నె సీటు కింద ఎట్టు. బస్సంతా నోరూరతన్నాది."

"ఊరనీ. దిగినాక నీళ్లు తాగు," అన్నాను.

పావని రాజాంలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో పని చేస్తుంది. తండ్రి సంవత్సరీకానికని సెలవు పెట్టి వచ్చింది. ఆ తండ్రి నా కొడుకు అప్పన్న. నిరుడు సముద్రం మీద పోయాడు.

ఆ రోజు మధ్యాహ్నం రెండున్నరకు ఎక్కడో చలిదేశంలో మీటింగు. ప్రపంచంలోని ఇంటర్నెట్ కంపెనీలు ఒకదానికొకటి దారి ఎలా చెప్పుకోవాలో అక్కడ రూళ్లు రాస్తారు. పావని కూడా ఒక రూలు రాసి పంపింది. దాని మీద కంప్యూటర్లోంచే మాట్లాడాలి. మా ఇంట్లో నెట్‌ని నమ్మలేం, అందుకని రాజాం. నా కొడుకు సంగతి పరాయివాళ్ల ముందు మాట్లాడుతుంటే నేను పక్కన ఉండాలని బయలుదేరాను.

పదిన్నరకు శ్రీకాకుళంలో దిగి, పది నిమిషాల్లో రాజాం బస్సు పట్టుకున్నాము. పక్క సీటులో ధాన్యం బేరానికి వెళ్తున్న ఒకావిడ అడిగింది.

"ఆస్పత్రికేటి?"

"మీటింగుకి."

"ఏ పార్టీదమ్మా? బిరియానీ పెడతారా?"

"మన గిన్నె మనమే తెచ్చుకోవాల," అన్నాను. ఆవిడకి ఆసక్తి పోయింది.

దారిలో పావని ఆ రూలేమిటో మరోసారి చెప్పింది. "ఇంటర్నెట్టంటే ఒక్కటి కాదు మామ్మా. వేలమంది వలలు ముడేసుకున్నట్టు. ఫలానా ఊరికి దారి నా మీంచే అని ఒకడు పక్కోడికి సెప్తాడు. ఆడు ఇంకోడికి సెప్తాడు. నిజమేనా అని అడిగేవోడు ఒక్కడూ నేడు."

నిరుడు అదే జరిగింది. ఎక్కడో ఎవరో పొరపాటున మా ఊరి దారి తనదని చాటారు, పక్కవాళ్లు నమ్మేశారు. మా రేవులో సెల్ టవరు అందదు, అక్కడి వలల షెడ్డులో వైఫై మీదే ఆధారం. గాలి లేస్తోందని పడవల సంఘం గుమస్తా పెట్టిన మెసేజీలు ఆ తప్పుదారిలో పోయి, మధ్యాహ్నం దాటాక ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. అప్పన్న పొద్దున్నే వెళ్లిపోయాడు. ఇంతవరకే అందరికీ తెలుసు.

పన్నెండున్నరకు రాజాం. కంపెనీ ఒక బియ్యం కొట్టు మేడ మీద. మెట్ల మీదే కూర్చుని అన్నం తిన్నాము. పావని రెండు ముద్దలకే చెయ్యి కడిగేసింది. ఓనరు మంచివాడే, కుర్చీ వేశాడు. "మామ్మగారూ, ఈ పిల్ల రూలు నెగ్గితే మాలాంటి చిన్నోళ్లకి కూడా ఖర్చు, బరువే," అన్నాడు. "బరువుంటే దించీ, ఊరి దారి మాత్రం తప్పు సెప్పకు," అన్నాను.

తెర మీద పెద్ద హాలు. పావని నాలుగు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడింది. నాకు కళింగపట్నం అన్న ఒక్క మాటే అర్థమైంది. పక్కవాడు చెప్పిన దారిని సరిచూసుకోవడం తప్పనిసరి అని ఆమె రాసింది. తప్పనిసరి తీసేసి, సరిచూసుకుంటే మంచిది అని పెట్టమని హాల్లోవాళ్ల పట్టు. ఒక నెరిసిన గడ్డం ఆయన లేచి ఏదో అన్నాడు. పావని మొహం మాడింది.

"ఏటన్నాడే?"

"మెసేజ్ రానేదనే నాన్న ఎల్లాడని రుజువేటని. ఎలాగైనా ఎల్లేవోడేమో అని."

నేను గిన్నె మూత బిగించాను.

అక్కడ చేతులెత్తరు, ఓట్లు వేయరు. ఇష్టమున్నవాళ్లు నోరు మూసుకుని గొంతులోనే ఊఁ అనాలి. దూరానున్నవాళ్లు కంప్యూటర్లో బొత్తాం నొక్కాలి. తప్పనిసరి అన్నప్పుడు వచ్చిన చప్పుడు సముద్రంలో బాగా లోపలికి పోయిన పడవ ఇంజినులా సన్నగా ఉంది. మంచిది అన్నప్పుడు ఒడ్డునే ఉన్నట్టు మోగింది. ఓనరు ఏ బొత్తామూ నొక్కకుండా కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

నాలుగుంబావుకి తిరుగు బస్సు.

"అయిపోయినట్టేనా?" అన్నాను.

"రెండు వారాలు ఈమెయిలు ఉత్తరాల్లో వాదించుకోవచ్చు. అప్పుడు తేలుస్తారు."

"ఆ ఉత్తరాలు ఎవలు రాయొచ్చు?"

"ఎవలైనా. సదువక్కర్నేదు, ఫీజు నేదు. పేరుంటే సాలు."

"అయితే నేను సెప్తాను, రాయి. ఆ పొద్దున అప్పన్న ఫోను పట్టుకుని అరగంట నిలబడ్డాడు. గాలి తేడాగా ఉన్నాది, మెసేజ్ వస్తాదేమో సూద్దామన్నాడు. ఆయిలు పోసేసినావు, మెసేజ్ రానేదు గదా, ఎల్లు అని నేనే తోలేసినాను."

ఫోను మీద పావని వేళ్లు ఆగిపోయాయి. చిలకపాలెం వచ్చేదాకా కిటికీలోంచే చూసింది. తర్వాత మిగతాది టైపు చేసింది.

"ఇది పంపితే మరి తియ్యలేం మామ్మా. ఎప్పటికీ ఉంటాది. ఎవలైనా సదవొచ్చు."

"సదవనీ. నా పేరు కూడా ఎట్టు."

శ్రీకాకుళంలో దిగేముందు పంపింది.

రాజాం వెళ్లి రావడానికి ఒక్క రోజు చాలు. ఆ మీటింగుల్లో ఎవరైనా కూర్చోవచ్చట. నాలాగా వెళ్లేవాళ్లు ఉంటే, అక్కడ చెప్పాల్సింది ముందు ఇంట్లో చెప్పుకుని వెళ్లండి.

కళింగపట్నం బస్సులో సీట్లు చాలానే ఖాళీగా ఉన్నాయి. పావని నాకు రెండు వరసల ముందు కూర్చుంది. నేను ఖాళీ గిన్నె ఒళ్లో పెట్టుకుని, ఊరు వచ్చేదాకా ఆమె జడ చూస్తూ వచ్చాను.