లైను కాదక్కా, లీను

"లీన్ పెట్టారక్కా, మిషను ఇప్పట్లో బయటికి రాదు" అని ముందురోజు ఫోన్లో చెప్పింది నేనే. మర్నాడు తొమ్మిది కొట్టకముందే పెద్దక్క అన్నం క్యారేజీతో సహా మా గోడౌను ముందు నిలబడి ఉంది. ఆమె వెనక మా చర్చి సంఘంలోని ఆడవాళ్ళు ఐదుగురు.

"ఏదమ్మా లైను? ఎవ్వరూ లేరేంటి? మనమే ముందొచ్చేశామా?"

"లైను కాదక్కా, లీను."

"ఏదైతేనేం, నిలబడతాం. రేషన్ షాపు దగ్గర నిలబడట్లేదా?"

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ తర్వాత చెప్పాల్సిన సంగతి గుర్తొచ్చి నవ్వు దానంతటదే ఆగిపోయింది.

నేను బందరులో ఒక ఫార్వర్డింగ్ ఏజెంటు గారి ఆఫీసులో గుమాస్తాని. విదేశాల నుంచి చెన్నై హార్బరులో దిగిన సరుకుని కస్టమ్స్ దాటించి, లారీ ఎక్కించి సొంతదారుకి చేర్చడం మా పని. ఆదివారాలు మా మందిరంలో పిల్లలకి వాక్యం చెబుతాను. అందుకే ఆఫీసులో మా సారు నన్ను "సండేస్కూలు టీచరుగారూ" అని పిలుస్తారు.

పెద్దక్క వాళ్ళది చిలకలపూడి. ఆరుగురూ ఇళ్ళ దగ్గరే రోల్డుగోల్డు గొలుసులు చేస్తారు. ఒక్కో లంకెనీ పట్టకారుతో వంచి, గ్యాసు మంట మీద అతికించీ అతికించీ నలభై ఏళ్ళకే కళ్ళు మసకబారుతున్నాయి. అందుకని డబ్బులు పోగేసి, గొలుసు దానంతటదే అల్లే యంత్రం విదేశం నుంచి తెప్పించుకున్నారు. దిగుమతికి కావలసిన లైసెన్సు వాళ్ళకి లేదు. గుడివాడలో ఒక వ్యాపారి "నా పేరు మీద తెప్పిస్తానమ్మా, ఏముంది" అన్నాడు. కాగితాలన్నీ ఆయన పేరు మీదే వచ్చాయి. అక్కడే పొరపాటు జరిగింది.

ఆయన అంతకుముందు రొయ్యల చెరువుల మోటార్లు దింపించుకుని, మా ఆఫీసుకి కిరాయీ హార్బరు ఖర్చులూ ఇవ్వలేదు. పాత బాకీ తీరేదాకా ఆయన పేరున వచ్చిన ఏ సరుకునైనా మా సారు పట్టి ఉంచుకోవచ్చు. దాన్నే లీన్ అంటారు. ఆయన సంతకం పెట్టిన ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఆ షరతు ఉంది. ఆ ఫారాన్ని ఫైల్లో పెట్టింది నేనే.

"అతగాడి బాకీకి మా మిషనెందుకమ్మా?" అంది పెద్దక్క. "పక్కింటాయన అప్పుకి మా గేదెని కట్టేసుకున్నట్టుంది."

అవనిగడ్డలో ఒక కొట్టాయన వాళ్ళకి మొదటిసారి పెద్ద ఆర్డరిచ్చాడు. పెళ్ళి ముహూర్తాల్లోపు గొలుసులు రాకపోతే ఉత్తరాది సరుకు దించుకుంటానని ముందే చెప్పాడు. చేత్తో చేస్తే అన్ని గొలుసులు ఎప్పటికీ కావు. యంత్రం రాకపోతే ఆర్డరూ లేదు, ఇంక ఆ కొట్టు గుమ్మం ఎక్కడమూ లేదు.

అంతకు ముందు ఆదివారమే పిల్లలకి నేను ధర్మశాస్త్రంలో ఒక ఆజ్ఞ చెప్పాను. ఎవరి తిరగలి రాయినీ తాకట్టు పట్టకూడదు, అది ఒకడి బతుకునే తాకట్టు పట్టడం. సారు గదిలోకి వెళ్ళి అదే చెప్పాను.

ఆయన వాక్యాన్ని ఎగతాళి చేసే మనిషి కాదు. ఓపిగ్గా విన్నారు. "బాగుందండీ టీచరుగారూ. మరి హార్బరు వాళ్ళకి నేను చేతినుంచి కట్టిన డబ్బు గురించి మీ ధర్మశాస్త్రంలో ఏముంది?" అన్నారు.

బయటికొచ్చి గుడివాడ ఆయనకి ఫోన్ చేస్తే "కృత్తివెన్నులో రైతులు రొయ్యలు పట్టగానే మోటార్ల డబ్బు నాకిస్తారండీ, నేను మీకిస్తాను" అన్నాడు. రొయ్యలు ఇంకా చెరువులోనే ఉన్నాయి.

ఆ వారంలోనే తుపాను హెచ్చరిక వచ్చింది. మిషను ఉన్న మా గోడౌను పల్లంలో ఉంది, జల్లు పడితేనే పాదాలు మునుగుతాయి. సారు కంగారుపడిపోయారు. "నా దగ్గర తడిస్తే నేనే జవాబు చెప్పాలి. మీ మందిరం ఎత్తు మీదుంది కదండీ?"

ఉంది. ఉప్పెన చూసిన పెద్దలు కట్టింది కాబట్టి దాని పునాదే మనిషెత్తు. గాలి మొదలయ్యే వేళకి ట్రాలీ ఆటోలో చెక్కపెట్టె మందిరానికి చేరింది. పాస్టరు అయ్యగారు బల్లలు పక్కకి జరిపించి, సండేస్కూలు గదిలో పెట్టించారు. "తాళం మీరే వేసుకోండమ్మా" అని సారు ఫోన్లో అన్నారు. పెద్దక్క తాళం వేసి, తాళంచెవిని కొంగున ముడేసుకుంది. "ప్రభువుకు స్తోత్రం! మన మిషను మన మందిరానికే నడిచొచ్చింది!" అని వర్షంలోనే చప్పట్లు కొట్టింది. మేమంతా కొట్టాం.

తుపాను పక్కకి తిరిగిపోయింది. ఎండ కాసిన రోజు పొద్దున్నే పెద్దక్క ఎలక్ట్రీషియన్ని తీసుకొచ్చింది. గుడివాడ కోర్టులో ప్లీడరు దగ్గర పనిచేసే వాళ్ళ అల్లుడు చెప్పాడట: సరుకు చేతిలో ఉన్నంతసేపే లీను, చేయి దాటించాక ఇంక హక్కు లేదు.

"తాళంచెవి నా కొంగున ఉందంటే మిషను మనదే. అంతే కదే?"

అంతే. చట్టం నాకూ తెలుసు. ఒక్క క్షణం నా ఒళ్ళంతా పులకరించింది. అడిగింది ఇదే, దొరికింది ఇదే. కానీ సారు మా దగ్గర ఒక్క కాగితం కూడా రాయించుకోలేదు.

"అక్కా, ఆయన మన మందిరాన్ని నమ్మి పెట్టాడు."

"మరి నువ్వు చెప్పిన తిరగలి రాయో?"

"అది చెప్పిన దేవుడే, పొరుగువాడు దాచమన్న సొత్తు మీద చెయ్యి వెయ్యొద్దనీ చెప్పాడక్కా."

పెద్దక్క నా మొహంలోకి చూసింది. "నీకు పాఠం చెప్పడం నేర్పినవాళ్ళననాలి!" అంటూ ముడి విప్పింది. "పద. ఆయన చేతిలో నేనే పెడతా."

సారు బల్ల మీద తాళంచెవి పెట్టి ఆమె అంది: "ఇది మా దగ్గరుంటే మీ లైను తెగిపోద్దంటండీ. తెగ్గొట్టుకోవడం ఇష్టంలేక తెచ్చాం."

సారు కళ్ళజోడు తీశారు. "ఎవరు చెప్పారమ్మా?"

"మా అల్లుడండి."

"సరిగ్గానే చెప్పాడు." తాళంచెవిని అటూ ఇటూ తిప్పారు. "టీచరుగారూ, ఆ తిరగలి మాట ఇంకోసారి చెప్పండి." చెప్పాను. "తాకట్టు ఎందుకొద్దన్నాడు? పిండి ఆగిపోతుందని. పిండి ఆగకపోతే?" అన్నారు సారు.

ఒక కాగితం తీసుకుని రాశారు. యంత్రం ఆయన తరఫున మందిరంలో ఉన్నట్టు. పొద్దున ఎనిమిదికి నేను తాళంచెవి తీసుకెళ్ళాలి, సాయంత్రం ఆరుకి తిరిగి ఆయన చేతిలో పెట్టాలి. "లీను నాది, పిండి మీది. విసురుకోండి" అన్నారు.

ఆ మధ్యాహ్నం స్విచ్చి వేయగానే యంత్రం టకటకమని మొదలైంది. ఒకవైపు రీలు నుంచి తీగ లోపలికి పోతోంది, రెండోవైపు నుంచి గొలుసు పళ్ళెంలోకి దిగుతోంది, చీమల బారులా తెగకుండా. పెద్దక్క దాన్ని వేళ్ళమీదికి తీసుకుని "నా కళ్ళే నాకిచ్చావయ్యా తండ్రీ" అంది. మేం పాట ఎత్తుకున్నాం. యంత్రమే తాళం వేసింది.

అక్కడినుంచి రోజూ ఐదున్నరకే పెద్దక్క తొందరపెట్టేది. "ఆపండే, ఆరవుతోంది, ఆయన తాళం ఆయనకి పోవాలి!" ముహూర్తాలకి నాలుగు రోజుల ముందు గొలుసుల సంచి ఒళ్ళో పెట్టుకుని అవనిగడ్డ బస్సెక్కింది.

ఆ తర్వాత కృత్తివెన్నులో రొయ్యలు పట్టారు, గుడివాడ ఆయన బాకీ కట్టాడు. సారు రాసిచ్చిన విడుదల కాగితం పట్టుకుని నేను మందిరానికి పరిగెత్తాను. మెట్ల మీద పక్కవీధి ఆడవాళ్ళు పదిమంది తీగ రీళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, మా యంత్రం మీద గొలుసు అల్లించుకోవడానికి.

"లీను పోయిందక్కా!" అని కింద నుంచే కేకేశాను.

పెద్దక్క గుమ్మంలోంచి తల బయటపెట్టింది. "పోతే పోయిందిలే గానీ, నువ్వు లైన్లో రా!"