పద బేటీ

ఆదివారం పొద్దున్నే గుర్రాలున్నవాళ్లమంతా మా ఊరు రిసాలి నుంచి పొలాల వైపు సవారీకి పోయేవాళ్లం. అన్నీ రేవాల్ గుర్రాలే. అంటే వీపు మీదున్న మనిషికి కుదుపు తెలీకుండా జారినట్టు నడిచేవి. స్టీలు ప్లాంటులో క్రేను నడిపి రిటైరైన బాబాయి, అది మాకు చూపించడానికి నిండు టీ గ్లాసు పట్టుకుని మరీ ఎక్కేవాడు. తన తెల్లగుర్రం మెడ నిమిరి "పద బేటీ" అంటే చాలు, అది కాలెత్తేది. టీ చుక్క ఒలికేది కాదు.

"సూసినావేట్రా? గుర్రం కాదిది, నా కూతురు," అనేవాడు నాతో.

ఆ కూతురికి కాలు కుంటుపడింది. మరుసటి ఆదివారానికల్లా బాబాయి కొత్త గుర్రం మీదొచ్చాడు. పాతదాన్ని పెళ్లి బ్యాండువాళ్లకి అమ్మేశాడట.

"కుంటిదాన్నేటి సేసుకుంటాం?" అన్నాడు, టీ ఊదుకుంటూ.

తిరిగొస్తుంటే బ్యాండు షాపు ముందు అది కనిపించింది. రాత్రి బరాత్‌కి కట్టిన జరీ ముసుగు ఇంకా ఎవరూ విప్పలేదు. బాబాయి గొంతు విని సకిలించింది. మేమంతా ఆగిపోయాం. ఆయన అటు చూడనైనా చూడలేదు. కొత్తదాని మెడ నిమిరి "పద బేటీ" అన్నాడు.

గుంజకి కట్టేసున్న పాతది కూడా కుంటికాలు ఎత్తింది.