పరీక్ష మధ్యలో లేచిపోయాను

ఈ మధ్య మా మనవరాలిని డిగ్రీలో చేర్చడానికి తోడుగా తిరువూరు చివర ఉన్న మా పాత కాలేజీకి వెళ్ళాను. చేరడమంతా ఇప్పుడు ఫోనులోనే అయిపోతుందట, కాగితాలు చూపించడానికి మాత్రం మనిషి వెళ్ళాలట. నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. లోపల ఆఫీసు అమ్మాయి మా పిల్లకు నచ్చజెబుతోంది, చరిత్ర గ్రూపులో ఈ ఏడు చేరేవాళ్ళే లేరనీ, ఇలాగే ఉంటే దాన్ని ఎత్తేస్తారనీ, కంప్యూటర్లు పెట్టుకుంటే మంచిదనీ. మా పిల్ల బయటికి వచ్చి, అమ్మమ్మా, నువ్విక్కడ చదువుకున్నావా, పని చేశావా అని అడిగింది. రెండూనే అన్నాను. ఆ మాట నోటి నుంచి వచ్చాక, అదే మాటను అదే వరండాలో ఒకప్పుడు ఇంకొకరికి చెప్పి ఎంత అవస్థ పడ్డానో గుర్తుకొచ్చి, కాసేపు మా పిల్ల ఏం మాట్లాడుతోందో కూడా వినిపించలేదు.

మాది దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. మా ఆయనకు బస్టాండు దగ్గర కొట్టు ఉండేది. ఆయన ఏకితే నేనూ మా అత్తా కుట్టేవాళ్ళం. కాలేజీలో నేను మొదట చేరింది గదులు ఊడవడానికీ, కుండల్లో నీళ్ళు నింపడానికీ. బెల్లు కొట్టే పెద్దాయన మానేశాక ఆ పని కూడా నాకే వచ్చింది. బెల్లంటే నా ఈడు వాళ్ళకు తెలుసు, దూలానికి వేలాడదీసిన రైలు పట్టా ముక్క, దాన్ని కొట్టడానికి ఒక ఇనుప కడ్డీ. కాలేజీ చాలా చిన్నది. తెలుగు, చరిత్ర, రాజనీతి, ఆర్థికశాస్త్రం, అంతవరకే. ప్రయోగశాలల వాసనలు లేవు, పెద్ద పెద్ద యంత్రాలు లేవు. మాట్లాడేవాళ్ళు, వినేవాళ్ళు, మధ్యాహ్నం వేపచెట్ల కింద గొంతు చించుకుని వాదించుకునేవాళ్ళు, అదే మా కాలేజీ.

నాకప్పటికి అక్షరం ముక్క రాదు. తలుపుల మీద రాసినవన్నీ పరుపు మీది కుట్లలాగే కనిపించేవి. చరిత్ర గది అంటే గడియ వదులైన తలుపు, తెలుగు గది అంటే పైన పావురాలు గూడు పెట్టిన తలుపు, నా గుర్తులు అవి. సాయంత్రం అన్ని గదుల్లోనూ నల్లబల్లలు తుడిచేదాన్ని. ఒక రోజు కొత్తగా వచ్చిన చరిత్ర మేడమ్ గుమ్మంలో నిలబడి, నువ్వు చెరిపేస్తున్నదేంటో నీకు తెలుసా అని అడిగింది. తెలిస్తే చెరపబుద్ధి కాదేమోనండి అన్నాను, ఊరికే మాటవరసకు. ఆవిడ మాత్రం ఊరికే వినలేదు. ఆ రోజు నుంచి ఆవిడ గదిలో బల్ల తుడవాలంటే ముందు దాని మీదున్న మాట ఒకటి చదవాలి, చదివాకే గుడ్డ పెట్టాలి. అలా నేను నేర్చుకున్న మాటల్లో అమ్మ, ఆవు లేవు. రాజ్యం, శాసనం, తిరుగుబాటు, సంధి, ఇవి నా మొదటి మాటలు. ఇంట్లో మా అత్తతో మాట పట్టింపు వచ్చినప్పుడు సంధి అని మనసులో అనుకుని నవ్వుకునేదాన్ని.

ఆదివారాల్లో అదే కాలేజీలో దూరవిద్య క్లాసులు జరిగేవి. బడి మొహం చూడనివాళ్ళు కూడా ముందు ఒక పరీక్ష రాసి గట్టెక్కితే డిగ్రీలో కూర్చోవచ్చునని మేడమ్ చెప్పింది. అక్షరాలు కుదురుకోవడానికి కొన్నేళ్ళు పట్టాక ఆ పరీక్ష రాసి గట్టెక్కాను. ఆదివారం కాలేజీ వేరే లోకంలా ఉండేది. నెమలి నుంచి అంగన్‌వాడీ టీచరు చంకలో పిల్లతో వచ్చేది. విస్సన్నపేట నుంచి బస్సు కండక్టరు ఒకాయన ఖాకీ చొక్కాతోనే వచ్చి నా వెనక బల్ల మీద కూర్చునేవాడు. వారమంతా నేను ఊడ్చిన బల్లల మీద ఆదివారం నేనే కూర్చోవడం మొదట్లో సిగ్గుగా ఉండేది, కూర్చునే ముందు కొంగుతో ఒకసారి తుడిచేదాన్ని. లెక్చరర్లు వస్తే లేచి నిలబడేదాన్ని, అందరూ కూర్చున్నా నేను కూర్చోలేకపోయేదాన్ని.

ఇంట్లో మాత్రం ఆదివారం అంటే గొడవే. పరుపుల బేరాలు ఎక్కువగా వచ్చేది ఆ రోజే, కుట్టే చెయ్యి ఒకటి తగ్గిపోయేది. మా ఆయన చెడ్డవాడు కాదు, కానీ ఇల్లు ఒక దారిన పోతుంటే అడ్డం వచ్చినదాన్ని చూసి ఊరుకునే మనిషి కాదు. రంజాను పండక్కి చుట్టాలందరూ ఉండగా, అందరూ వినేలా అన్నాడు. "ఒక్కసారి రాయి. ఒక్క పేపరు తప్పినా సరే, ఇక ఈ ఇంట్లో చదువు మాట ఎత్తకూడదు." మా అత్త వక్కలు కత్తిరించుకుంటూ, "రాజు గారి మాట, తిరుగుండదు" అంది. ఆవిడ ఎటు అన్నదో నాకు అర్థం కాలేదు. నలుగురి ముందూ అన్న మాట కనుక మా ఆయన వెనక్కి తీసుకోలేడని మాత్రం అర్థమైంది.

పరీక్షలకు సెలవు పెట్టాను. బెల్లు పని ఆ రోజుల వరకు వాచ్‌మన్‌కు అప్పగించారు. నేను ఆయన్ని బాబాయి అనేదాన్ని. వేళకు కొట్టు బాబాయ్, పిల్లలు దాని మీదే ఆధారపడతారు అని రోజూ చెప్పి మరీ హాల్లోకి వెళ్ళేదాన్ని. మిగతా పేపర్లన్నీ ఎలాగో గడిచాయి. ఆఖరిది చరిత్ర. మామిడికాయల రోజులు, రెడ్డిగూడెం వైపు నుంచి లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటే కిటికీల్లోంచి దుమ్మూ పచ్చికాయ వాసనా కలిసి వచ్చేవి. హాల్లో కాపలా చరిత్ర మేడమే. ఆవిడ ఆ రోజు నా వంక ఒక్కసారి కూడా చూడలేదు.

నాది నెమ్మది రాత. ఒక్కో అక్షరాన్నీ కుట్టు వేసినట్టు వేసుకుంటూ పోతాను. పక్కవాళ్ళు అదనపు కాగితాలకు లేస్తుంటే నేను ఇంకా మొదటి వాటిలోనే ఉండేదాన్ని. ప్రశ్నలన్నీ తెలిసినవే, అదే నా భయం. తెలియక తప్పితే ఒక తీరు, తెలిసీ చెయ్యి నడవక తప్పితే ఎవరికి చెప్పుకోవాలి? ఆఖరి అరగంట నాకు ప్రాణంతో సమానం. ఆ అరగంటలో రెండు జవాబులు రాయగలిగితేనే పేపరు దక్కుతుంది.

పరీక్షల్లో ఆఖరి అరగంటకు ముందు హెచ్చరిక బెల్లు కొడతాం. ఇన్నేళ్ళూ నాకు దానికి గుర్తు, మా గేటు మలుపులో విస్సన్నపేట బస్సు హారన్. ఆ హారన్ వినపడగానే లేచి కడ్డీ అందుకోవడం అలవాటు. ఆ రోజు కూడా బస్సు హారన్ కొట్టింది. సరిగ్గా అప్పుడే పరీక్షలు తనిఖీ చేసే స్క్వాడ్ జీపు వస్తే, వాచ్‌మన్ బాబాయి బెల్లు సంగతి మరిచి గేటు తీయడానికి పరుగెత్తాడని తర్వాత తెలిసింది. నాకు తెలిసింది ఒక్కటే, బెల్లు మోగలేదు. రాస్తున్న మాట సగంలో ఉంది. ఎప్పుడు లేచానో, ఎలా గుమ్మం దాటానో ఈ రోజుకీ చెప్పలేను. తెలివి వచ్చేసరికి వరండా చివర ఉన్నాను. ఒక చేతిలో పెన్ను, ఇంకో చేతిలో కడ్డీ, పట్టా ముక్క ఊగుతూ మోగుతోంది.

అప్పుడు గుర్తుకొచ్చింది. అడక్కుండా హాలు దాటినవాళ్ళను మళ్ళీ లోపలికి రానివ్వరు, ఆ నియమం చదివి వినిపించేటప్పుడు రోజూ విన్నదాన్నే. వెనక్కి తిరిగేసరికి స్క్వాడ్ సారు గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. ఆయన వెనక మేడమ్.

"ఎవరమ్మా నువ్వు? అటెండరువా, పరీక్ష రాసేదానివా?"

"రెండూనండి."

"రెండూ ఎలా అవుతావ్? ఇప్పుడు బయటికి వెళ్ళింది ఎవరు, అది చెప్పు."

నిజంగానే ఎవరు వెళ్ళారో నాకు తెలియదు. లోపల కండక్టరు గొంతు వినిపించింది, "టికెట్టు తీసుకుని స్టేజీ రాకుండానే దిగిపోయావేంటక్కా" అని. ఒకరిద్దరు నవ్వారు. మేడమ్ ముందుకు వచ్చి, ఆవిడ మా కాలేజీలోనే బెల్లు కొడతారండి, అలవాటు మీద లేచారు, చీటీ లేదు, ఏమీ లేదు అని చెప్పింది. ఆయన నెమ్మదిగానే అడిగాడు. "మిమ్మల్ని అడిగి వెళ్ళిందా మేడమ్?"

మేడమ్ నా వంక చూసింది. ఒక్క ఔను చాలు, నా చదువు నిలబడుతుంది. హాల్లో పెన్నులు ఆగిపోయాయి.

"లేదండి" అంది మేడమ్.

నా పేపరు తీసుకుని, పైన ఏదో రాసి కట్టలో పెట్టేశారు. మధ్యలో ఆగిన ఆ మాట అలాగే ఉండిపోయింది. మేడమ్ మీద ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మాటలు నేర్పిన మనిషే ఒక్క మాట అనలేకపోయిందే అనుకుంటూ ఎండలో నడిచాను. తొందరగా ఇంటికి చేరాలని లేదు. బజారులో ఆగి అవసరం లేని దారపు ఉండలు బేరమాడాను. నలుగురి ముందూ అన్న మాటకు నలుగురి ముందే జవాబు చెప్పుకోవాలి కదా, దానికి ధైర్యం చాలలేదు.

నాకంటే ముందే కబురు ఇల్లు చేరింది. కండక్టరు బస్టాండులో దిగి, పరుపులాయన భార్య పరీక్ష మధ్యలో లేచిపోయింది అని టీ కొట్టు దగ్గర చెప్పాడట. అక్కడి నుంచి మా వీధికి వచ్చేసరికి పరీక్ష అన్న మాట దారిలో ఎక్కడో రాలిపోయింది. నేను వెళ్ళేసరికి అరుగు నిండా ఆడవాళ్ళు. మా ఆయన కొట్టు మూసి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మా అత్త గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఎవడితోనే?" అంది.

"ఏంటత్తా?"

"లేచిపోయావంటగా. ఊరంతా అంటున్నారు. ఈ వయసులో ఎవడు దొరికాడే నీకు?"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "బెల్లుతో అత్తా" అని జరిగినదంతా చెప్పాను. అరుగు మీద నవ్వులు మొదలయ్యాయి. మా ఆయన నవ్వలేదు. ఆయన మొహంలో బరువు దిగినట్టు కనిపించింది, కానీ మాట మాత్రం దిగలేదు.

"అయితే పేపరు పోయినట్టే కదా. అన్న మాట అన్నదే" అన్నాడు.

నేను తల వంచుకున్నాను. అప్పుడు మా అత్త లేచింది.

"ఏం మాట అన్నావురా నువ్వు? తప్పితే అన్నావు. ఇది తప్పిందా? లేచిపోయింది. తప్పడం వేరు, లేచిపోవడం వేరు. మీ మేనత్త లేచిపోతే పెద్దమనుషులు కూర్చుని వెనక్కి తెచ్చుకోలేదా? ఆ పాటి మర్యాద నా కోడలికి లేదా?"

మా ఇంట్లో ఆ మేనత్త ఊసు ఎత్తడం అదే మొదలు. అరుగు మీద ఒక ముసలావిడ, అవునురా, లేచిపోయినదాన్ని తెచ్చి మళ్ళీ కూర్చోబెట్టాల్సిందే అంది. అంతే, తీర్పు అయిపోయింది. అన్నాళ్ళూ నా పుస్తకాలను చూసి విసుక్కున్న మా అత్త ఆ పూట నా పక్షం ఎందుకు వచ్చిందో నేనెప్పుడూ అడగలేదు. నా మీద జాలి కావచ్చు, తన ఆడపడుచును ఎత్తిపొడవడానికి ఇన్నేళ్ళకు వాటం దొరికిందన్న సంతోషం కావచ్చు. ఏదైనా నాకు మేలే చేసింది.

మేడమ్‌తో కొన్నాళ్ళు మాట్లాడలేదు. బల్లలు చదవకుండానే తుడిచేశాను. ఒక సాయంత్రం ఆవిడే గుమ్మంలో నిలబడి, వచ్చేసారి కూడా నేనే డ్యూటీ వేయించుకుంటాను, నిన్ను బల్లకు కట్టేస్తాను అంది. కోపం పోవడానికి ఆ మాట చాలింది. అవునని ఆవిడ అని ఉంటే హాల్లో అందరికీ అది అబద్ధమని తెలిసేది, ఆ తర్వాత నేను ఏ పరీక్ష గట్టెక్కినా మేడమ్ దయ అనే అనేవాళ్ళు. ఇది నాకు చాలా ఆలస్యంగా తోచింది. మరుసటి ఏడు మా అత్త చెప్పినట్టు కొంగు బల్ల కోడుకు ముడివేసుకుని చరిత్ర రాశాను. బస్సు హారన్ వినగానే లేవబోయాను, కొంగు లాగింది, కూర్చున్నాను. ఆ తర్వాత డిగ్రీ కూడా పూర్తయింది, మిగతావాళ్ళకంటే ఆలస్యంగా.

ఇప్పుడు ఆ కాలేజీలో బెల్లు దానంతటదే మోగుతుంది. ఆదివారం క్లాసులకు ఎవరూ రారు, పాఠాలన్నీ ఫోనులోనే వింటారట. ఒకే బల్ల మీద అంగన్‌వాడీ టీచరూ, కండక్టరూ, ఊడ్చే మనిషీ కూర్చుని రాజ్యాల గురించి పోట్లాడుకున్నారంటే మా పిల్ల కథ అనుకుంటుంది. మా ఆయనా లేడు, మా అత్తా లేదు. ఇల్లంతా పుస్తకాలే, ఎంతసేపు చదువుకున్నా వద్దనే మనిషి లేదు. నేను చదువుకుంటుంటే విసుక్కునేవాళ్ళు లేకపోవడం ఇంత వెలితిగా ఉంటుందని ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు.