సీటు కింది తీగ

అంబదాస్ కాక బరువు నలభై మూడు కిలోలు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. తర్వాత జరిగిందంతా ఆయన బరువు వల్ల కొంత, నా తెలివి వల్ల కొంత జరిగింది. రెండింటిలో బరువే నయం. కాటా మీద పెడితే కనీసం ముల్లు కదిలేది.

సూరత్ బయట, కామ్‌రేజ్ దాటాక హైవే పక్కన పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే పెద్ద లాన్ ఉంది. ఇక్కడ దాన్ని పార్టీ ప్లాట్ అంటారు. నాలుగెకరాల గడ్డి. అది కోయడానికి దాని యజమాని శెఠ్, కూర్చుని నడిపే బండి ఒకటి కొన్నాడు. చూడ్డానికి చిన్న ట్రాక్టరులా ఉంటుంది. పొట్ట కింద ఇనప డొప్ప, డొప్పలో మూడు బ్లేడ్లు, కోసిన గడ్డిని పక్కకు చిమ్మే మూతి. ఆ బండి సీటు కాకది. ఆ సీటు మీద కన్నేసినవాణ్ణి నేను. పేరు శివకృష్ణ, ఇరవై నాలుగేళ్ళు, ఇంటర్ ఫెయిల్. బండి అందని మూలల్లో, చెట్ల మొదళ్ళ దగ్గర చేతి మిషన్‌తో గడ్డి కొట్టడం నా పని. బండి తినగా మిగిలిన ఎంగిలి నాదన్నమాట.

కాకది సిరిసిల్ల దగ్గరి పల్లె. పదహారో ఏట సూరత్ వచ్చి ముప్పై ఆరేళ్ళు అమ్రోలి కార్ఖానాల్లో మగ్గాలు నడిపాడు. మగ్గాలు ఆయనకు కూడు పెట్టి చెవులు తీసుకున్నాయి. కార్ఖానాలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కాబట్టి మావాళ్ళు పెదాలు చూసి మాట్లాడుకుంటారు. గొంతుతో పని లేదు, నోరు కదిపితే చాలు. నాలుగు మగ్గాల అవతల ఉన్నవాడితో కూర సంగతి, కూతురి సంగతి, మాలిక్‌ను తిట్టాల్సిన తిట్టు, అన్నీ చప్పుడు లేకుండానే అయిపోతాయి. నేనూ అక్కడే పెరిగాను కనుక నాకూ ఆ విద్య వచ్చు.

యాభై దాటాక సన్నపోగు తెగితే కనబడక, మాలిక్ కాకను వద్దన్నాడు. అప్పటికే ఆయన భార్య భూదేవి చిన్నమ్మ పార్టీ ప్లాట్‌లో ఊడుస్తోంది. మేనేజర్ కేతన్‌భాయ్‌కి చెప్పి చెప్పి మొగుణ్ణి ఆ సీటెక్కించింది. అది పోతే ఆయనకు సూరత్‌లో ఇంకో పని లేదు. పోగు కనబడని చెవిటి ముసలాణ్ణి ఏ మాలికూ మగ్గం దగ్గరికి రానివ్వడు. ఆ మాట ఆయనకు తెలుసు, చిన్నమ్మకు తెలుసు, నాకూ తెలుసు. తెలిసి కూడా సీటు మీద కన్నేశాను. ఆ ఘనత మాత్రం నాదే.

నన్ను అక్కడికి తెచ్చింది కూడా కాకే. అంతకుముందు నేను మగ్గం మీద ఏడాదిన్నర చేశాను. పేకపోగు తెగితే మగ్గాన్ని దానంతట అదే ఆపే చిన్న ఇనప ముల్లు ఒకటి ఉంటుంది. మీటరు లెక్కన కూలి కదా, మగ్గం ఆగితే మనకే నష్టం. అందుకని మాలో చాలామంది ఆ ముల్లును దారంతో కట్టేస్తారు. నేనూ కట్టాను. మిగతావాళ్ళు కట్టి కళ్ళు బట్ట మీద పెడతారు. నేను కట్టి పుస్తకం తీశాను. రెండు థాన్లు, అంటే రెండు బట్టచుట్టలు, జల్లెడలా వచ్చాయి. మాలిక్ వాటిని నా భుజాన వేసి, "కట్టుకుని ఊరేగు" అని వెళ్ళగొట్టాడు.

కాక బండి నడిపే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండేది. పొద్దున్నే గోనెసంచి పట్టుకుని నాలుగెకరాలూ నడిచేవాడు. డేరాల మేకులు, జడపిన్నులు, స్టీలు చెంచాలు, సీసామూతలు ఏరేవాడు. బ్లేడు తాకితే మేకు తూటా అవుతుందంటాడు. పెట్రోలు పోయాలంటే ఇంజను చల్లారేదాకా బీడీ కూడా ముట్టకుండా దూరంగా కూర్చునేవాడు. డొప్ప కింద గడ్డి గీకాలంటే ముందు తాళంచెవి తీసి జేబులో వేసుకునేవాడు. తర్వాత ప్లగ్గు తీగ పీకేవాడు. తర్వాత అరచేయి డొప్ప మీద ఆనించి, లోపలి తిరుగుడు పూర్తిగా ఆగిందని చేతికి తెలిసేదాకా అలాగే ఉండేవాడు. వినబడదు కదా, చేత్తోనే వినాలి. సానబట్టిన బ్లేడును గోడ మేకుకు తగిలించి, ఏ పక్కకు ఒరుగుతుందో చూసి, ఒరిగిన పక్క ఇంకొంచెం అరగదీసేవాడు.

"అంత చాదస్తమెందుకు కాకా?" అన్నానొకసారి.

"ఒక దిక్కు బరువుంటె బండి వణుకుతది. వణికితె బోల్టులు ఊడుతయి. నీ తలకాయ కూడా ఓసారి మేకుకు పెట్టి చూడాలెరా, ఒకటే దిక్కు ఒరిగినట్టున్నది."

పక్కన చీపురుతో ఉన్న చిన్నమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. మనసులో రాసుకున్నాను.

ఇంతకీ కాకకు వచ్చిన చిక్కు వేరే. ఆ సీటు కింద ఒక స్విచ్ ఉంది. బ్లేడ్లు తిరుగుతుండగా నడిపేవాడు సీటు మీంచి లేస్తే ఇంజను దానంతట అదే ఆగిపోతుంది. మనిషి కిందపడినా, దిగినా, కాలో చెయ్యో పోకుండా. మంచి ఏర్పాటే. కానీ డేరా గుంజలు పాతిన గుంటల్లో చక్రం పడ్డప్పుడల్లా నలభై మూడు కిలోల మనిషి గాల్లోకి లేచేవాడు. ఇంజను ఠక్కున ఆగేది. పొద్దుణ్ణించి మధ్యాహ్నం దాకా పదిహేనుసార్లు.

"మా ఆయన కూసున్నట్టు సీటుకు గూడ తెల్వది," అనేది చిన్నమ్మ.

కేతన్‌భాయ్‌కి నవ్వు రాలేదు. కార్తీకంలో పెళ్ళిళ్ళు మొదలయ్యే ముందు కాకను పిలిచి, నోట్లో నములుతున్న మావా, అంటే పొగాకు కలిపిన వక్క, దవడకు నొక్కి చెప్పాడు. "ఈ సీజన్ చూస్తా. పనికి ఇంతసేపైతే వేరేవాణ్ణి పెడతా." మావా నిండిన నోటి పెదాలు చదవడం కాకకు రాదు. తలూపి వచ్చేశాడు. అర్థం నేను చెప్పాల్సి వచ్చింది. విని ఆ రోజంతా ఆయన అన్నం తినలేదు.

అక్కడ నా పాండిత్యం పొంగింది. బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం బండి పెట్టే గదిలో దుమ్ము పట్టి ఉండేది. నేను తప్ప దాన్ని ముట్టినవాడు లేడు. వైర్ల పటం ఉన్న పేజీలు నాలుగు రాత్రులు నిఘంటువు పెట్టుకుని చదివాను. ఐదో రోజు కాక మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు సీటు ఎత్తి, స్విచ్చు ఉన్నా లేనట్టు చేసే చిన్న తీగ ఒకటి వేసి, నల్లటేపు చుట్టాను. మగ్గం ముల్లుకు దారం కట్టినట్టే. అక్కడ పోయింది బట్ట, ఇక్కడ పోయేది కాలు. ఈ తేడా ఆ పుస్తకంలో ఎర్ర త్రికోణం వేసి మరీ రాసి ఉంది. ఎర్ర త్రికోణాలు బుద్ధి లేనివాళ్ళ కోసమని నా నమ్మకం.

ఆ రోజు బండి ఒక్కసారి కూడా ఆగలేదు. కాక సీటును చేత్తో నిమిరి, "పానం కుదురుకున్నది దీనికి" అన్నాడు. నేను చెప్పలేదు. కేతన్‌భాయ్ ముందర, నలుగురూ ఉన్నప్పుడు చెప్పి మెప్పు పొందాలని దాచుకున్నాను.

మరో వారానికి దొంగవాన పడింది. తెల్లారి గడ్డి తడిగా ఉంది. ఆరేదాకా ఆగాలన్నాడు కాక. మర్నాడే పెళ్ళి, పందిట్లో నిలబెట్టే అద్దాల స్తంభాలు అప్పుడే లారీ దిగుతున్నాయి. ఎండ కాస్త వచ్చాక సగం కోసి, ఆయన జొన్నరొట్టె తినడానికి కూర్చున్నాడు. నేను ఒక్క చుట్టు వేస్తానని బతిమాలాను.

"తడి ఉన్నది, మెల్లగ పో. మూతికి గడ్డి పడితె నన్ను పిలువు. నువ్వు చెయ్యి పెట్టకు."

చెయ్యి పెట్టనని మాటిచ్చాను. మాట నిలబెట్టుకున్నాను కూడా. కాలు పెట్టాను.

అప్పుడు నా వేషం కూడా చెప్పాలి. పనికని శెఠ్ ఇచ్చిన గట్టి బూట్లు ఇంట్లో ఉన్నాయి. ఆదివారం పర్వత్ పాటియా బజారుకు వేసుకెళ్తే ఇంజనీరులా కనిపిస్తానని దాచుకున్నాను. కాళ్ళకు రబ్బరు చెప్పులు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, వాటి మీద చప్పుడు రాకుండా పెట్టుకునే మూతలు. లోపల ఎవరో పెద్దమనిషి మనిషి స్వేచ్ఛ గురించి మాట్లాడుతున్నాడు. కాక చెవులు తీయడానికి మగ్గాలకు ముప్పై ఆరేళ్ళు పట్టింది. నాకు ఒక్క నిమిషం చాలింది.

మూతికి తడిగడ్డి ముద్ద పట్టింది. దిగాను. దిగితే ఇంజను ఆగుతుంది కదా. ఎవడైనా తీగ వేస్తే తప్ప. వేసినవాణ్ణే నేను మర్చిపోయాను. ముద్దను చెప్పుకాలితో ఒక్క తన్ను తన్నాను.

ఢామ్మని చప్పుడు. చెప్పు ముందు భాగం ఎగిరిపోయి అద్దాల స్తంభానికి తగిలి ఓ అద్దం పగిలింది. నేను వెల్లకిలా పడి వేళ్ళు లెక్కపెట్టుకున్నాను. ఐదు. నమ్మకం కుదరక ఇంకోసారి లెక్కపెట్టాను. నేను పడటం చూసి కాక చేతిలో రొట్టెతోనే పరుగెత్తుకొచ్చి, ముందు తాళంచెవి తిప్పాడు, తర్వాత నా కాలు పట్టుకున్నాడు.

కేతన్‌భాయ్ మెకానిక్ వినోద్‌ను పిలిపించాడు. నన్ను ఆఫీసు ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. మంచినీళ్ళిచ్చారు. ఆ స్థలంలో నేను కుర్చీ ఎక్కడం అదే మొదటిసారి. నేను గాయపడబోయిన అమాయకుణ్ణి. ఆ పాత్ర నాకు బాగా కుదిరింది.

వినోద్ సీటు ఎత్తి నవ్వాడు. "ఇదిగో. ఎవడో తీగ వేశాడు. పని మాత్రం శుభ్రంగా చేశాడు."

చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ రెండో మాటకు నాకు సంతోషమైంది.

కేతన్‌భాయ్ కాక వైపు తిరిగాడు. "బండి మాటిమాటికీ ఆగుతుందని నువ్వే వేశావు కదా? ఆ పిల్లాడి కాలు పోయేది!"

మావా నోరు. కాకకు ఒక్క ముక్క అందలేదు. అలవాటు కొద్దీ తలూపాడు.

"ఒప్పుకున్నాడు చూడు," అన్నాడు కేతన్‌భాయ్. "ఇంక బండి ముట్టొద్దు. రేపటి నుంచి రావొద్దు."

చిన్నమ్మ చీపురు కింద పడేసి వచ్చింది. "ఏందయ్యా, ఏమంటున్నడు?" అని మొగుడి ఎదుట నిలబడి పెదాలు కదిపింది. కాక ఆమెను చూడలేదు. వినోద్ చేతిలో ఉన్న తీగను చూశాడు. నల్లటేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. గొంతు లేకుండా నోరు కదిపాడు:

"నువ్వా?"

అందరి మధ్యా, ఎవరికీ వినబడకుండా, నేనూ కదిపాను: "నేనే."

"ఎందుకు?"

"ఆగకుండ ఉంటదని."

ఆయన మళ్ళీ పెదాలతోనే, "ఊకో. నోరు తెరువకు. నీకు ముందు శానా బతుకున్నది," అన్నాడు.

ఇంతకంటే సుఖమైన మాట నాకు ఎవరూ చెప్పలేదు. కుర్చీ ఉంది, నీళ్ళున్నాయి, సీటు ఖాళీ అయింది. నోరు మూసుకుని ఉండటమే నేను చేయాల్సిన పని. పుస్తకాల్లో ఇలాంటి చోట మనిషి లోపల తుఫాను లేస్తుంది. నాకు లేచింది దాహం. గ్లాసు ఎత్తాను. నీళ్ళు గొంతు దిగలేదు, పొర పోయింది. దగ్గుతూ దగ్గుతూ, "తీగ నేనే వేశాను భాయ్" అన్నాను. ఆ దగ్గులో ఎవరికీ అర్థం కాలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. ధైర్యం ఒకసారికి సరిపడానే తెచ్చుకున్నాను, రెండోసారి అప్పు తెచ్చుకున్నట్టయింది.

"నువ్వా? చదువుకున్నవాడివి!"

"చదివే వేశాను."

వినోద్ పడీపడీ నవ్వాడు. "ఏం చదివావు భాయ్? సీటు కింద ఈ మర చూడు. నడిపేవాడి బరువును బట్టి స్ప్రింగు వదులు చేసుకోవాలి. ఇది నూరు కిలోల వాడికి బిగించి ఉంది. ముసలాయన ఎగరక ఏం చేస్తాడు? పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది కదా."

ఉంది. బొమ్మలున్న పేజీలు పిల్లల కోసమనుకుని దాటేశాను.

వినోద్ తీగ పీకేసి, బ్లేడు సరిచూసి, మర తిప్పాడు. అద్దం పగిలిన స్తంభాన్ని ఇద్దరు మోసుకుపోయారు. కాకను కూర్చోబెట్టి గుంటల మీదుగా నడిపించారు. బండి ఊగింది, ఇంజను ఆగలేదు. లేచి నిలబడమన్నారు. లేచాడు, ఠక్కున ఆగింది. కేతన్‌భాయ్ రెండుసార్లు లేపించి చూశాడు. తర్వాత మావా ఉమ్మేసి, మొదటిసారి కాకకు అర్థమయ్యేలా నోరంతా తెరిచి, "నువ్వు కొయ్యి. సాయంత్రానికి అయిపోవాలి," అన్నాడు. నా వైపు చూపిన వేలిని గేటు వైపు తిప్పాడు. దానికి పెదాలు చదవక్కర్లేదు.

ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా లాన్ అడ్డంగా నడిచాను. చిన్నమ్మ నన్ను తిట్టబోయి, నా కాళ్ళు చూసి ఆగిపోయింది. వెనక ఇంజను మొదలైంది కానీ బ్లేడ్ల చప్పుడు లేదు. ఆగి తిరిగి చూశాను. కాక సీటు మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. గుండె కరిగింది. ఏదో చెప్తాడు, పిలుస్తాడు అనుకున్నాను. ఆయన చెయ్యెత్తి, పో పో అన్నట్టు ఊపాడు. పది అడుగులు వేసి మళ్ళీ ఆగాను. మళ్ళీ చెయ్యి ఊపి, నోరు పెద్దగా కదిపాడు:

"ఇంక దూరం పోరా! నువ్వు గేటు దాటేదాక నేను బ్లేడు తిప్పను."

దాటాను.