మట్టి తాకని వీపు

బొగ్గు బాయి దిగడం మానేశాక లక్ష్మీరాజం చేసిన మొదటి పని, గోదావరిఖనిలోని తన ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, నేల తవ్వి ఎర్రమట్టి పోయించడం. అందులో పసుపూ నూనే కలిపి రోజూ పొద్దున పారతో తిరగేసేవాడు. కుస్తీ పట్టేవాళ్లు ఆ వాడలో ఎవరూ మిగల్లేదు. కొడుకు సిద్ధు ఆడేది కూడా కుస్తీ కాదు. ఇనుప జాలీ పంజరంలో గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిపి ఆడే ఆట. అయినా వాడి మొదటి పట్టు ఈ మట్టిలోదేనని లక్ష్మీరాజం చాయ్ హోటల్లో అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు.

ఆ ఆటలో సిద్ధు బెల్ట్ గెలిచి, రెండేళ్లు ఎవరికీ ఇవ్వలేదు. మొన్నటి ఎండాకాలం కరీంనగర్‌లో పోయింది. ఆదిలాబాద్ నుంచి వచ్చిన రాజ్‌కుమార్ కుడికాలు వాడి తల పక్కన తగిలింది. సిద్ధు చేతులైనా అడ్డం పెట్టుకోకుండా బోర్లా పడ్డాడు. కళ్లు తెరిచాక అడిగిన మొదటి మాట: "ఆట ఎప్పుడు షురూ అయితది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కోచ్ పరశురాములు నవ్వలేదు.

తిరుగు దారిలో లక్ష్మీరాజం తన లెక్క చెప్పాడు. "బోర్ల పడ్డడు. వీపు మట్టికి తాకిందా? తాకలే. కుస్తీల అయితే గిది ఓటమే కాదు."

"కాకా, ఆడ మట్టే లేదు" అన్నాడు పరశురాములు.

లక్ష్మీరాజానికి తన కుస్తీ గుర్తుంది. భైంసా దిక్కు ఒక జాతరలో, పెళ్లికి ముందు, వెండి కడెం కోసం చివరి కుస్తీ. నాందేడ్ నుంచి వచ్చిన పహిల్వాన్ అతని వీపు మట్టికి ఆనించాడు. అక్కడ ఓడినవాడు మళ్లీ పట్టు కావాలంటే భుజం మీది తువ్వాల తీసి మట్టిలో వేయాలి. గెలిచినవాడు దాన్ని అందుకుంటే అప్పటికప్పుడే రెండో కుస్తీ. లక్ష్మీరాజం వేశాడు. పహిల్వాన్ ఆ తువ్వాల పక్కనుంచి నడిచి, "పుడ్చ్యా వర్షీ" అని, కడెం తొడుక్కొని బస్సెక్కాడు. వచ్చే ఏడు అన్నవాడు వచ్చే ఏడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. లక్ష్మీరాజం బాయిలో చేరాడు. తువ్వాల మాత్రం పెట్టెలోనే ఉంది.

అందుకే కొడుకుతో అన్నాడు: "అడిగితే ఎంబడే అడగాలె. ఆగినవో, నీ జాగల ఇంకోడు నిలబడ్తడు."

"నిలబడనీ కాకా" అన్నాడు పరశురాములు. "లైన్ల ఇంకా పోరగాండ్లున్నరు. ఆళ్లకూ పాళి రావాలె. ఆళ్లు ఆడేటాల్లకు వీని తలకాయ జర కుదురుకుంటది."

"రెండేండ్లు ఏలినోడు లైన్ల నిలబడాల్నా? రేషన్ దుకాణమా గిది?"

"కుస్తీల ఓడితే మట్టి అంటుతది, కడుక్కుంటం. గిండ్ల ఓడితే ఏడ అంటుతదో కనబడది."

సిద్ధు ఇద్దరి మాటా విన్నాడు, తండ్రి మాట పట్టుకున్నాడు. పోటీలు నడిపే మేనేజర్ ఫోన్లోనే ఒప్పుకున్నాడు. పాత చాంపియన్ వెంటనే తిరిగొస్తే హాలు నిండుతుంది. పరశురాములు తన సంచి సర్దుకున్నాడు. "ఆటప్పుడు నేను పంజరం మూలల నిలబడ కాకా. నువ్వు నిలబడు. ఒక్క మాట యాదుంచుకో. మూలల ఉన్నోడు తువ్వాల లోపలికి ఇసిరితే ఆట ఖతం. ఓడినట్టు ఒప్పుకున్నట్టే."

"మా దాంట్ల తువ్వాల ఏస్తే మల్ల రమ్మన్నట్టు" అన్నాడు లక్ష్మీరాజం.

"నీ దాంట్ల" అని పరశురాములు వెళ్లిపోయాడు.

వానలు మొదలయ్యాయి. ఒకరోజు భూమవ్వ కొడుకు తిన్న పళ్లెం తీసుకొచ్చి భర్త ముందు పెట్టింది. అన్నం సగం అయిపోయింది. రెండో సగం, దాని పక్కన పోసిన చిక్కుడుకాయ కూర, ముట్టినట్టే లేవు.

"కూర మంచిగ లేదేమో" అన్నాడు లక్ష్మీరాజం.

"గట్లనే అనుకున్న. నిన్న కూర ఏసుకోవా బిడ్డా అంటే, ఏడుందే అన్నడు. పళ్లెం తిప్పిపెట్టిన. తిప్పంగనే గీ దిక్కుది ఊడ్సుక తిన్నడు. ఇయ్యాల తిప్పలే, ఇది మిగిలింది."

"ఫోన్ సూసుకుంట తింటే కూరేం కనబడ్తది?"

"ఫోన్ నా కొంగుల ఉండె" అంది భూమవ్వ.

ఆ పూట నుంచి లక్ష్మీరాజం కొడుకును చూడటం మొదలుపెట్టాడు. తలుపు దాటేటప్పుడు సిద్ధు ఎడమ భుజం చౌకటుకు తగిలేది. తగిలాక చౌకటు వైపు ఒకసారి చూసి, ఎవరో దాన్ని జరిపినట్టు పోయేవాడు.

పోటీ ముందురోజు పొద్దున తండ్రి మట్టి తిరగేసి, పార పక్కన పెట్టి, "రా, ఒక పట్టు" అన్నాడు.

"ఇరుగుతవు బాపు."

"ఇరిగితే మీ అవ్వ అతుకు పెడ్తది. రా."

ఇద్దరూ మట్టిలోకి దిగారు. లక్ష్మీరాజం కొడుకు ఎడమవైపు నుంచి మెడ మీద చెయ్యి వేశాడు. చిన్నపిల్లాడికి కూడా తెలిసే పట్టు. చెయ్యి మెడ మీద పడేదాకా సిద్ధు కదల్లేదు. కొడుకును మట్టిలో దించి ముసలాయన నవ్వాడు. ఈ వయసులో తాను ఇంకా ఇంత చురుగ్గా ఉన్నానా అనుకున్నాడు. మళ్లీ అదే వైపు నుంచి వేశాడు, ఈసారి నెమ్మదిగా. సిద్ధు మళ్లీ పడ్డాడు. తర్వాత తండ్రి పట్టు వేయలేదు. వాడి ఎడమ చెంప పక్కన చెయ్యి ఎత్తి ఊరికే ఉంచాడు. సిద్ధు ఎదుటి గోడ వైపు చూస్తూ, "ఇగ కానీ బాపు" అన్నాడు.

"దవాఖానకు పోదాం" అన్నాడు లక్ష్మీరాజం.

"తలకాయ ఫొటో తీస్తరు. తీస్తే ఆపుతరు."

"ఆపనీ. తర్వాత ఆడు."

"తర్వాతనా?" సిద్ధు మట్టి దులుపుకున్నాడు. "ఆగితే నీ జాగల ఇంకోడు నిలబడ్తడన్నదెవరు? ఇప్పుడు నువ్వే అడ్డం పడ్తున్నవా?"

మర్నాడు హాలు పక్కగదిలో ఒక డాక్టర్ ఆటగాళ్లను చూస్తున్నాడు. "వీనికి ఎడమదిక్కు కనబడ్తలేదు సారూ" అని లక్ష్మీరాజం అందరి ముందే చెప్పాడు. డాక్టర్ వేలు ఎత్తి ఎడమకు జరిపాడు. వేలు కదిలినంతమేరా సిద్ధు తల తిప్పి, కనబడుతోందన్నాడు. "పెద్దాయనకు బుగులు పట్టింది" అని మేనేజర్ అంటే గదిలో అందరూ నవ్వారు, సిద్ధు అందరికంటే గట్టిగా.

లక్ష్మీరాజం మూలలో నిలబడ్డాడు. భుజం మీద పెట్టెలోంచి తీసిన తువ్వాల ఉంది. అది చూసి సిద్ధు సంబరపడ్డాడు. "మంచిపని చేసినవు బాపు" అని దాన్ని ఒకసారి తాకి లోపలికి పోయాడు.

గంట కొట్టారు. రాజ్‌కుమార్ తొందరపడలేదు. సిద్ధుకు కుడివైపు రెండడుగులు వేసి చూశాడు, వాడి కళ్లు వెంట వచ్చాయి. వాడికి ఎడమవైపు వేసి చూశాడు, రాలేదు. రాజ్‌కుమార్ ఒక క్షణం ఆగాడు. నిన్న మట్టిలో తాను కనిపెట్టిందే అతనూ కనిపెట్టాడని లక్ష్మీరాజానికి అర్థమైంది. ఆ కుర్రాడు మళ్లీ ఆ వైపే జరిగాడు. కుడికాలి మడమ నేల విడిచింది.

తువ్వాల జాలీ మీదుగా పోయి ఇద్దరి మధ్య పడింది. రిఫరీ చేతులు అడ్డం పెట్టాడు.

హాలంతా కాసేపు ఏం జరిగిందో తెలియనట్టు ఉండి, తర్వాత ఈలలు మొదలుపెట్టింది. ఎవరో, "ముసలోన్ని బయటికి గుంజుండ్రి" అన్నారు. రాజ్‌కుమార్ చెయ్యి పైకెత్తారు. సిద్ధు ఒంటి మీద ఒక్క దెబ్బ కూడా లేదు. తండ్రి వైపు చూడకుండా తువ్వాలను కాలితో పక్కకు జరిపి బయటికి వచ్చాడు.

బట్టలు మార్చుకునే గదిలోకి మేనేజర్ వచ్చేసరికి సిద్ధు నిలబడే ఉన్నాడు. లక్ష్మీరాజం తలుపు దగ్గర ఆగాడు.

"నాకు ఒక్క దెబ్బ తాకిందా సార్? నేల మీద పడ్డనా? గిది ఓటమెట్లయితది?" అన్నాడు సిద్ధు. "మల్ల పెట్టుండ్రి. వచ్చే నెలనే."

మేనేజర్ ఆలోచించాడు. హాల్లో ఈలలు ఇంకా వినబడుతున్నాయి. "న్యాయమే" అన్నాడు. "ఇంతకుముందు ఇయ్యకున్నా నడిచేది. ఇప్పుడు ఇయ్యకుంటే తప్పైతది. జనం కూడా ఒప్పుకోరు."

"వద్దు సారూ" అన్నాడు లక్ష్మీరాజం. ఎవరూ వెనక్కి తిరగలేదు.

"ఒక్కటే మాట" అన్నాడు సిద్ధు. "మూలల మా బాపు ఉండొద్దు."

"సరే" అని మేనేజర్ చెయ్యి చాచాడు. అతను సిద్ధుకు ఎడమ పక్కన నిలబడి ఉన్నాడు. చెయ్యి అలాగే గాలిలో ఉంది. సిద్ధు ఎదురుగా చూస్తూ జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. మేనేజర్ కొంచెం విసుగ్గా నవ్వి, చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చి మళ్లీ చెయ్యి చాచాడు.

సిద్ధు దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.